బీజీయ సమాసంలో విలువలు ప్రతిక్షేపించి లెక్క కట్టడం ఎలా?

2క² అనే సమాసంలో క = −3 పెట్టి విలువ కట్టమంటే నాలుగు రకాల జవాబులు వస్తుంటాయి: 18, −18, 36, −7. సరైనది 18 ఒక్కటే. −18 రాసినవారు 2 × −3² అని రాసుకుని, మైనస్‌ను వర్గానికి బయటే వదిలేశారు. −7 రాసినవారు 2 − 3² అని రాసి గుణకారాన్ని కాస్తా తీసివేతగా మార్చేశారు. 36 వచ్చినవారు ముందు 2ను గుణించేసి, ఆ తర్వాత వర్గం చేశారు. ఎక్కాలు వీళ్లందరికీ వచ్చు. తేడా వచ్చిందల్లా విలువను సమాసంలోకి దింపే చోట. ఆ ఒక్క వరుస రాసే పద్ధతి కుదిరితే మిగిలినది మామూలు కూడికలు, తీసివేతలే.

పాఠ్యపుస్తకాల్లో చరరాశులను ఎక్స్, వై అని చూస్తాం. ఇక్కడ క, చ, ప అనే అక్షరాలు వాడుతున్నాం. అక్షరం ఏదైనా పని మారదు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు యావత్తావత్, కాలక, నీలక అనే మాటల తొలి అక్షరాలు యా, కా, నీలతోనే బీజగణితం నడిపాడు.

మొదటి మెట్టు: సమాసాన్ని పదాలుగా విడగొట్టి చదవండి

పెన్ను పెట్టకముందే సమాసాన్ని ఒకసారి చూడండి. బ్రాకెట్లకు బయట ఉన్న ప్లస్, మైనస్ గుర్తుల దగ్గర అది పదాలుగా విడిపోతుంది. 5క² − 3కచ + 7లో మూడు పదాలున్నాయి: 5క², −3కచ, 7. మైనస్ గుర్తు రెండో పదానికి చెందినది. దాన్ని రెండు పదాల మధ్య ఊరికే నిలబడ్డ గుర్తుగా చూస్తే తర్వాత ఎక్కడో జారిపోతుంది.

ఇప్పుడు ప్రతి పదంలో కనిపించకుండా ఉన్న గుణకారాలను పట్టుకోండి. సంఖ్య పక్కన అక్షరం ఉన్నా, అక్షరం పక్కన అక్షరం ఉన్నా, బ్రాకెట్ ముందు ఏదైనా ఉన్నా అక్కడ గుణకారం ఉన్నట్టే. క = 4 అయినప్పుడు 3క అంటే 12, 34 కాదు. గుణకం, అంటే అక్షరం ముందున్న సంఖ్య, కనిపించకపోతే అది 1. మైనస్ మాత్రమే కనిపిస్తే −1. ఘాతాంకం దాన్ని ఆనుకుని ఉన్న అక్షరానికే వర్తిస్తుంది: 2క²లో వర్గం కకు మాత్రమే, (2క)²లో అయితే 2కు కూడా.

సమాసం, సమీకరణం వేరు వేరు. ఇచ్చినది సమాసమైతే దాని పక్కన '= 0' అని మీరే తగిలించి క విలువ కనుక్కోవడానికి బయలుదేరకండి. క విలువ ముందే ఇచ్చారు. మీరు చెప్పాల్సింది మొత్తం సమాసం విలువ.

రెండో మెట్టు: ముందు ఖాళీ బ్రాకెట్లు, తర్వాత విలువలు

సమాసాన్ని మళ్లీ రాయండి. ఈసారి అక్షరం వచ్చిన ప్రతిచోటా ఆ అక్షరం తీసేసి ఖాళీ బ్రాకెట్ పెట్టండి. మిగతావి, అంటే గుణకాలు, గుర్తులు, ఘాతాంకాలు ఎక్కడివక్కడే ఉండాలి.

5క² − 3కచ + 7
5( )² − 3( )( ) + 7

ఆ తర్వాతే విలువలు నింపండి. క = −2, చ = 4 అయితే:

5(−2)² − 3(−2)(4) + 7

అక్షరం తీసేటప్పుడే విలువ కూడా రాసేయవచ్చు కదా అనిపిస్తుంది. కానీ అలా రాసేటప్పుడు చెయ్యి వేగంగా పోయి బ్రాకెట్ ఎగరగొడుతుంది. ఖాళీ బ్రాకెట్ల వరుస ఉంటే మరో లాభం కూడా ఉంది: అసలు సమాసంలో ఎన్ని అక్షరాలున్నాయో అన్ని బ్రాకెట్లు వచ్చాయా అని ఒక్క చూపులో సరిచూసుకోవచ్చు. గుణకారం గుర్తు పెడితే ధన పూర్ణ సంఖ్యలకు బ్రాకెట్ అక్కర్లేదనే మాట నిజమే గానీ, ఒకచోట పెట్టి ఒకచోట మానేస్తే అలవాటు కుదరదు. అన్నింటికీ పెట్టండి.

ఒక అక్షరానికి ఒక విలువ ఇచ్చాక, అది ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లూ అదే విలువ పెట్టాలి. వేర్వేరు అక్షరాలకు ఒకే విలువ ఉండటంలో మాత్రం తప్పేమీ లేదు. క = 3, చ = 3 అని ఇవ్వవచ్చు.

మూడో మెట్టు: వరుస తప్పకుండా లెక్కించండి

బ్రాకెట్ లోపల చేయాల్సిన లెక్క ఏదైనా ఉంటే అది ముందు. తర్వాత ఘాతాలు. ఆ తర్వాత గుణకార, భాగహారాలు ఎడమ నుంచి కుడికి. చివర కూడికలు, తీసివేతలు, అవీ ఎడమ నుంచి కుడికే. పై ఉదాహరణలో:

5(4) − 3(−2)(4) + 7
= 20 + 24 + 7
= 51

'బోడ్మాస్' అని బట్టీ పట్టినవాళ్లకు ఒక చిక్కు వస్తుంది. అందులో కూడిక అక్షరం తీసివేత కన్నా ముందుంది కాబట్టి కూడికే ముందు చేయాలనుకుంటారు. 10 − 4 + 3ను 10 − 7గా మార్చి 3 అంటారు. సరైన జవాబు 9. కూడిక, తీసివేత రెండూ సమాన హోదా గలవే. ఎడమ వైపు ఏది ముందు వస్తే అది చేయాలి. గుణకార, భాగహారాలకూ ఇదే నియమం: 8 ÷ 2 × 4 అంటే 16.

రాసే తీరు గురించి ఒక మాట. 3 × 4 = 12 + 5 = 17 అని ఒకే వరుసలో గొలుసులా రాసుకుపోకండి. 3 × 4, 12 + 5కు సమానం కాదు కదా. ఒక్కో వరుసకు ఒక్కో మార్పు చేస్తూ, సమాన గుర్తులు ఒకదాని కింద ఒకటి వచ్చేలా రాస్తే తప్పు ఎక్కడ జరిగిందో వెనక్కి వెళ్లి వెతకడం సులువు.

రుణ సంఖ్యలతో ఒక పూర్తి లెక్క

ఎక్కువ మంది తడబడేది ఇక్కడే కాబట్టి కొంచెం నెమ్మదిగా చూద్దాం. క = −2, చ = −3 అయినప్పుడు

2క²చ − 3కచ² − (క − చ) + 5

విలువ ఎంత?

ఖాళీ బ్రాకెట్లు: 2( )²( ) − 3( )( )² − [( ) − ( )] + 5
నింపాక: 2(−2)²(−3) − 3(−2)(−3)² − [(−2) − (−3)] + 5

ఇక్కడ లోపలి బ్రాకెట్లతో కలిసిపోకుండా బయటి దానికి చదరపు బ్రాకెట్ వాడాం. ఇప్పుడు పదం తర్వాత పదం:

మొదటి పదం: 2 × 4 × (−3) = −24
రెండో పదం: −3 × (−2) × 9 = +54
మూడో పదం: −[−2 + 3] = −1
నాలుగో పదం: +5

మొత్తం: −24 + 54 − 1 + 5 = 34

మీకు 34 రాకపోతే, వచ్చిన సంఖ్యే తప్పెక్కడో చెబుతుంది. −74 వస్తే (−3)²ను −9గా తీసుకుని రెండో పదాన్ని −54 చేశారు. 82 వస్తే అదే పొరపాటు మొదటి పదంలో జరిగింది: (−2)²ను −4 అనుకున్నారు. 10 వస్తే గుణకం 2ను కూడా వర్గం లోపలికి లాగి 16 చేశారు. 40 వస్తే (−2) − (−3)లో రెండు మైనస్‌లలో ఒకటి జారిపోయి −5 అయింది. 6 వస్తే లెక్కంతా సరిగానే చేశారు గానీ క విలువ చకి, చ విలువ కకి పెట్టారు.

రుణ సంఖ్య ఘాతాలకు ఒక చిట్కా: ఘాతాంకం సరి సంఖ్య అయితే ఫలితం ధనాత్మకం, బేసి అయితే రుణాత్మకం. (−2)³ = −8, (−2)⁴ = 16. ఇది మైనస్ బ్రాకెట్ లోపల ఉన్నప్పుడు మాత్రమే. −క², (−క)² ఒకటి కావు. క = −3 అయినప్పుడు −క² అంటే −(−3)² = −9. (−క)² అంటే 3² = 9. 'ముందు మైనస్ ఉంది, క కూడా మైనస్, రెండు మైనస్‌లు కలిస్తే ప్లస్' అని తొందరపడితే మొదటిది 9 అయిపోతుంది. వర్గం చేయగానే కలోని మైనస్ పోయింది. బయటి మైనస్‌ను రద్దు చేయడానికి ఇక అక్కడ ఇంకొకటి లేదు.

భిన్నాలు, సున్నాలు, మూలాలు

భిన్నానికీ బ్రాకెట్ తప్పనిసరి. క = 2/3 అయితే క² అంటే (2/3)² = 4/9. బ్రాకెట్ లేకుండా రాస్తే వర్గం పైనున్న 2కు మాత్రమే అంటుకుని 4/3 అవుతుంది.

భిన్నపు గీత కూడా బ్రాకెట్‌ లాంటిదే. గీతకు పైనున్న లవం మొత్తం ముందు లెక్కించాలి, కిందనున్న హారం మొత్తం విడిగా లెక్కించాలి, ఆ తర్వాతే భాగించాలి. క = 6, చ = 2 అయినప్పుడు (క + చ)/(క − చ) విలువ 8/4, అంటే 2. దీన్నే సైంటిఫిక్ కాలిక్యులేటర్‌లో 6 + 2 ÷ 6 − 2 అని వరుసగా కొడితే 4.33 లాంటి సంఖ్య వస్తుంది, ఎందుకంటే అది మధ్యలోని 2 ÷ 6ను ముందు చేసింది.

హారం సున్నా అవుతుందేమో ముందే చూసుకోండి. (క + 3)/(క − 3)లో క = 3 పెడితే హారం సున్నా. ఆ సమాసానికి అక్కడ విలువే లేదు, 'నిర్వచితం కాదు' అని రాయాలి. క = −3 పెడితే లవం సున్నా, హారం −6. విలువ 0. ఈ రెండింటినీ కలగాపులగం చేయకండి.

ఘాతాంకం 0 అయితే, కకు సున్నా కాని ఏ విలువ ఇచ్చినా క⁰ = 1. అందుకే 5క⁰ అంటే 5. రుణ ఘాతాంకం సంఖ్యను రుణాత్మకం చేయదు, తలకిందులు చేస్తుంది: 2⁻³ = 1/8.

వర్గమూలం గుర్తు కింద ఉన్నదంతా ఒక బ్రాకెట్‌లో ఉన్నట్టే. క = 3, చ = −4 అయినప్పుడు √(క² + చ²) = √(9 + 16) = 5. విడివిడిగా మూలాలు తీసి 3 + 4 = 7 అనడం కుదరదు. పరమమూల్యం గుర్తుల మధ్య ఉన్నదీ అంతే. అదే విలువలతో |చ − క| = |−4 − 3| = 7: ముందు లోపలిది పూర్తి చేసి, చివర గుర్తు తీసేయాలి.

ఒక్కోసారి చరరాశికి బదులు సంఖ్యకాక మరో సమాసమే ఇస్తారు. క = చ + 1 అయితే క² అంటే (చ + 1)², అంటే చ² + 2చ + 1. బ్రాకెట్ మరిచిపోతే చ + 1² అయి, మొత్తం చ + 1 దగ్గరే ఆగిపోతుంది.

ప్రతిక్షేపించే ముందు సూక్ష్మీకరించాలా?

సజాతి పదాలు, అంటే ఒకే అక్షరాలు అవే ఘాతాలతో ఉన్నవి, ఉంటే తప్పకుండా. 7క − 3చ + 2క + 5చ − 9కలో క = 3.75, చ = −6 అని ఇచ్చారనుకోండి. నేరుగా దిగితే 3.75తో మూడు గుణకారాలు చేయాలి. క పదాలను కలిపితే 7 + 2 − 9 = 0. మిగిలింది 2చ, జవాబు −12. కకు ఏ విలువ ఇచ్చినా ఇదే జవాబు.

సజాతి పదాలేమీ లేకపోతే, చిన్న సంఖ్యలే ఇస్తే, సూక్ష్మీకరణ జోలికి పోకుండా నేరుగా పెట్టేయడమే మేలు. (క + చ)³ను విస్తరించి నాలుగు పదాలు చేసి, ఒక్కోదానిలో విలువలు పెట్టడం శుద్ధ దండగ. క + చ ఎంతో చూసి ఘనం చేస్తే సరి.

కొట్టివేతలు చేసేటప్పుడు ఒక జాగ్రత్త. (క² − 9)/(క − 3)ను క + 3గా సూక్ష్మీకరించవచ్చు. క = 7 పెడితే 40/4 = 10, 7 + 3 = 10, రెండూ సరిపోయాయి. కానీ క = 3 దగ్గర సూక్ష్మీకరించినది 6 ఇస్తుంది, అసలు సమాసానికి మాత్రం అక్కడ విలువ లేదు. అందుకే హారం సున్నా పరీక్షను కొట్టివేతకు ముందున్న రూపంలోనే చేయాలి.

సూత్రాల్లో విలువలు పెట్టేటప్పుడు

సూత్రమైతే సంఖ్యతో పాటు ప్రమాణం కూడా వస్తుంది. సమ త్వరణంతో కదిలే వస్తువు వెళ్లే దూరం వస + ½తస². ఇందులో వ తొలి వేగం, త త్వరణం, స సమయం. తొలి వేగం గంటకు 36 కిలోమీటర్లు, త్వరణం 3 మీటర్లు/సెకన్², సమయం 4 సెకన్లు అని ఇస్తే 36ను ఉన్నదున్నట్టు పెట్టకూడదు. గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు 10 మీటర్లు.

(10)(4) + ½(3)(4)² = 40 + 24 = 64 మీటర్లు

36 పెడితే 168 వస్తుంది. ఆ సంఖ్యకు అర్థం లేదు, ఎందుకంటే ఒక పదం కిలోమీటర్లు, గంటలతో, మరో పదం మీటర్లు, సెకన్లతో తయారైంది. ప్రమాణాలు మార్చే పని ఖాళీ బ్రాకెట్లు నింపక ముందే చేసేయండి.

పై (π) విలువ వాడేటప్పుడు వ్యాసార్ధం 7 గుణిజమైతే 22/7, కాకపోతే 3.14 సౌకర్యం. వ్యాసార్ధం 7, ఎత్తు 10 ఉన్న స్థూపం ఘనపరిమాణం 22/7తో 1540, 3.14తో 1538.6 వస్తుంది. రెండూ ఉజ్జాయింపులే కాబట్టి ఏది వాడారో పక్కన రాయండి. దశాంశాలను మధ్యలో కుదించకండి. 1/3కి బదులు 0.33 పెట్టి 900తో గుణిస్తే 300 రావాల్సింది 297 అవుతుంది. భిన్నాన్ని భిన్నంగానే చివరిదాకా మోసుకెళ్లి, చివర్లో ఒక్కసారి కుదించండి.

పెద్ద ఘాతాలుంటే దగ్గరిదారి

2క³ − 5క² + 4క − 7లో క = 3 పెట్టాలి. విడివిడిగా చేస్తే 54 − 45 + 12 − 7 = 14. దీన్నే ఘాతాలు లేకుండా చేయవచ్చు. గుణకాలను వరుసగా రాయండి: 2, −5, 4, −7. మొదటిది తీసుకుని, 3తో గుణించి, తర్వాతిది కలపండి. వచ్చినదాన్ని మళ్లీ 3తో గుణించి, ఆ తర్వాతిది కలపండి. అలా చివరిదాకా.

2 × 3 − 5 = 1
1 × 3 + 4 = 7
7 × 3 − 7 = 14

మామూలు పద్ధతిలో అయిదు గుణకారాలు పడతాయి, ఇందులో మూడే. దీన్ని హార్నర్ పద్ధతి అంటారు, 1819లో హార్నర్ ప్రచురించాడని. చైనాలో చిన్ చియుషావ్ 1247లోనే ఇలాంటి పద్ధతి రాసిపెట్టాడు. ఇందులో జరిగే తప్పు ఒకటే: లేని ఘాతానికి 0 పెట్టడం మరిచిపోతారు. క³ − 4క + 1కి గుణకాలు 1, 0, −4, 1. ఆ సున్నా వదిలేస్తే అది క² − 4క + 1 అయిపోతుంది.

యంత్రాన్ని నమ్మే ముందు

−3² అని రాస్తే గణితంలో −9. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో −3**2 అని కొట్టినా −9 వస్తుంది. ఎక్సెల్ గడిలో =−3^2 అని కొడితే మాత్రం 9 చూపిస్తుంది, ఎందుకంటే అది సంఖ్య ముందున్న మైనస్‌ను ఘాతం కన్నా ముందు చూసుకుంటుంది. వర్గం చేయాల్సింది −3నే అయితే (−3)^2 అని, మైనస్ బయట ఉండాలంటే −(3^2) అని బ్రాకెట్‌తో కొడితే సందేహం ఉండదు (పైథాన్‌లో ^ బదులు ** కొట్టాలి). స్ప్రెడ్‌షీట్‌లో గుణకారం గుర్తు దాచడం కుదరదు, ప్రతిచోటా నక్షత్రం కొట్టాల్సిందే.

సమాసాలు సమానమో కాదో విలువలతో పరీక్షించడం

మీరు చేసిన సూక్ష్మీకరణ సరైనదో కాదో తెలుసుకోవడానికి ముందు రూపంలోనూ తర్వాతి రూపంలోనూ ఒకే విలువ పెట్టి చూడండి. వేర్వేరు జవాబులొస్తే ఎక్కడో తప్పు ఉంది. అయితే 0, 1, 2 ఈ పరీక్షకు పనికిరావు. (క + చ)², క² + చ² సమానమని పొరబడ్డవారు చ = 0 పెడితే రెండూ సరిపోయినట్టే కనిపిస్తాయి. 1కి ఎంత ఘాతం వేసినా 1. 2 అయితే మరీ మాయ: 2 + 2, 2 × 2, 2² మూడూ 4. 3, 5 లాంటివి తీసుకోండి: (3 + 5)² = 64, 9 + 25 = 34, బండారం బయటపడింది.

కొన్ని విలువల దగ్గర సరిపోయినంత మాత్రాన ఎప్పుడూ సరిపోతుందని అనుకోకూడదు. ఆయిలర్ పేరుతో ప్రసిద్ధమైన న² + న + 41లో న = 0 నుంచి 39 దాకా ఏది పెట్టినా ప్రధాన సంఖ్యే వస్తుంది: 41, 43, 47, 53... 40 పెట్టగానే 1681, అంటే 41 × 41. కానీ మీరు పోలుస్తున్నవి రెండూ ఒకే చరరాశిలో ఉన్న, రెండో ఘాతం దాటని బహుపదులైతే, మూడు వేర్వేరు విలువల దగ్గర సరిపోతే చాలు, అవి అన్నిచోట్లా సమానమే. మూడో ఘాతమైతే నాలుగు విలువలు కావాలి.

చేసి చూడండి

ఒకటి: 4 − 3క, క = −5. జవాబు 19. −11 వస్తే −3(−5)లో మైనస్ ఒకటి పోయింది.

రెండు: క² − క, క = −1. జవాబు 2. 0 వస్తే రెండో పదంలో బ్రాకెట్ లేదు.

మూడు: 2క³ + కచ², క = −1/2, చ = 4. మొదటి పదం −1/4, రెండోది −8, మొత్తం −33/4. మొదటి పదం −1 వస్తే 2ను కూడా ఘనం చేశారు.

నాలుగు: √(చ² − 4కప), క = 2, చ = −7, ప = −4. లోపల 49 + 32 = 81, జవాబు 9. √17 దగ్గర ఆగిపోతే ప విలువలోని మైనస్‌ను చూడలేదు. లోపల −17 వస్తే (−7)²కు బ్రాకెట్ పెట్టలేదు.